ఫాక్స్ నదీతీరమందలి గాజుటిల్లు

మయసభను గూర్చి వినని తెలుగువాడుండడు. ఖాండవ దహనమున ప్రాణములు దక్కించుకొన్న మయుడు, ఆ కృతజ్ఞతతో పదునాలుగు మాసములు శ్రమించి ధర్మరాజునకు కట్టియిచ్చిన సభ అది. అందు దుర్యోధనుడు స్ఫటికపు నేలను చూచి నీరని భ్రమించి వస్త్రము పైకెత్తుకొనెను. నీటిని చూచి నేలయని భ్రమించి మడుగులో పడెను. మూసియున్న ద్వారమును తెరచియున్నదనుకొని నుదురు కొట్టుకొనెను. లోపలికిని వెలుపలికిని భేదము తెలియనీయని కట్టడము మనుష్యుని ఎంత తికమక పెట్టగలదో ఈ కథ చక్కగా చెప్పుచున్నది. అయితే ఆ సభలో వంట ఎక్కడ చేసికొనిరో, బట్టల పెట్టెలు ఎక్కడ దాచుకొనిరో మనకు తెలియదు. తెలియవలసిన అవసరమును లేదు. అది సభయే గాని యిల్లు కాదు గదా!

ఇరువదవ శతాబ్దమున ఒక వాస్తుశిల్పి నలువైపుల గాజు గోడలతో సభను గాక ఇంటినే కట్టెను. అందొక స్త్రీ ఇరువది సంవత్సరములు కాపురముండెను. ఆ యిల్లు అమెరికా దేశమున ఇల్లినాయ్ రాష్ట్రములో, చికాగో నగరమునకు నైరృతి దిశగా సుమారు 60 మైళ్ల దూరమున, ప్లేనో అను చిన్న ఊరి చెంత, ఫాక్స్ నది ఒడ్డున కలదు. ఆధునిక వాస్తుశిల్ప చరిత్ర వ్రాసిన వారందరును దానిని తప్పక పేర్కొందురు. ప్రకృతితో సామరస్యమునకు అది మేటి యుదాహరణమని చెప్పుదురు. ఆ మాటలో ఎంత నిజమున్నదో తెలిసికొనవలెనన్న కట్టిన వాని మాటతోపాటు, అందున్న దాని మాటయు, ఆ చెంత ప్రవహించు నది మాటయు వినవలసియున్నది.

గాజుటింటి భావన శీతల దేశములలో పుట్టినది. ఐరోపా ఖండమందలి సంపన్నులు ఉష్ణదేశములనుండి తెప్పించుకొన్న తాళజాతి వృక్షములను, నారింజ మొక్కలను, పెద్ద ఆకుల తామరలను చలికి చావకుండ కాపాడుటకై గాజు పందిళ్లు వేయించిరి. సూర్యరశ్మి గాజు గుండ లోనికి సులభముగా వచ్చును. లోపల పుట్టిన వేడిమి మాత్రము అంత సులభముగా వెలుపలికి పోదు. ఆ గుణము కొరకే ఆ పందిళ్లు. తోటపనితో జీవితమారంభించిన జోసెఫ్ పాక్స్టన్ అను ఆంగ్లేయుడు ఇట్టి మొక్కల యిండ్లు కట్టి కట్టి, ఆ యనుభవముతోనే 1851లో లండను హైడ్ పార్కునందు జరిగిన మహాప్రదర్శనమునకు సుమారు మూడు లక్షల గాజు పలకలతో క్రిస్టల్ ప్యాలెస్‌ను నిర్మించెను. మొక్కకై పుట్టిన కట్టడము జనసమూహమున కుపయోగపడుట అప్పుడు లోకము చూచినది. ఒంటరి మనుష్యుని నివాసమునకు అది ఉపయోగపడుటకు మరియొక నూరేండ్లు పట్టినది.

ఆ పనికి పూనుకొన్నవాడు లుడ్విగ్ మీస్ వాన్ డెర్ రోహె. ఇతడు 1886లో జర్మనీయందలి ఆహెన్ పట్టణమున రాతిపని చేయు కుటుంబములో జన్మించెను. కళాశాల పట్టము లేదు. తండ్రి దుకాణములో ఉలి పట్టి నేర్చినదే తొలి విద్య. రాయి రాతితో కలియుచోట అతుకు ఎట్లుండవలెనన్న పట్టుదల జీవితాంతము వదలని మనిషి. 1929లో బార్సెలోనా ప్రదర్శనమునకు జర్మనీ పక్షమున నిర్మించిన మంటపముతో ప్రపంచఖ్యాతి గడించెను. మరుసటి యేడు చెకొస్లొవేకియాలోని బ్రనో నగరమున టూగెండ్‌హాట్ దంపతులకొక యిల్లు కట్టెను. అందు తోటవైపునున్న గోడంత గాజు పలకలలో కొన్ని, మీట నొక్కినచో యంత్రసహాయమున నేలలోనికి దిగిపోవును. గది వసారాగా మారును. ఈ విశేషమును పాఠకులు గుర్తుంచుకొందురు గాక! అనంతరము బౌహౌస్ విద్యాలయమునకు అధ్యక్షుడై, 1933లో నాజీల ఒత్తిడికి అది మూతపడిన పిమ్మట, 1938లో అమెరికా చేరి చికాగోలో వాస్తువిద్యా శాఖాధిపతియయ్యెను.

డాక్టర్ ఎడిత్ ఫార్న్స్‌వర్త్ చికాగో నగరమున మూత్రపిండ వ్యాధుల వైద్యములోను పరిశోధనలోను పేరొందిన స్త్రీ. 1903లో జన్మించినది. వైద్యము చదువకముందు సాహిత్యము చదివినది. ఇటలీ దేశమునకు పోయి వయొలిన్ వాదనము నేర్చినది. అవివాహిత. వారమెల్ల ఆసుపత్రిలో గడపు ఆమెకు, వారాంతమున పట్టణపు రొదకు దూరముగ ఒక నదీతీరమున నిశ్శబ్దముగ నుండవలెనని కోరిక. ఫాక్స్ నది ఒడ్డున తొమ్మిది ఎకరముల నేల కొనెను. 1945లో ఒక విందులో మీస్‌ను కలిసికొని, అచట చిన్న యిల్లు కట్టగల శిష్యుడెవడైన ఉన్నాడా యని ప్రసంగవశమున అడుగగా, తానే కట్టెదనని అతడు చెప్పెను. పిమ్మట పలు ఆదివారములు వారిరువురును ఆ నేలపై తిరిగి, పచ్చికపై కూర్చుండి, నదిని చూచుచు గడపిరి. ఈ స్నేహమును గూర్చి తరువాత పుట్టిన వదంతులు పెక్కు. చరిత్ర వ్రాయువానికి వానితో పని లేదు. ఇద్దరును తెలివిగలవారు, ఇద్దరును పట్టుదల గలవారు, ఇద్దరును ఒక అపూర్వ వస్తువు పుట్టవలెనని కోరినవారు అనినంతవరకు చాలును.

1947లో న్యూయార్కు ఆధునిక కళాసంగ్రహాలయములో జరిగిన మీస్ ప్రదర్శనమున ఈ యింటి నమూనా ఉంచబడెను. దానిని చూచినవారు విస్మయమొందిరి. ఆ ప్రదర్శనము నేర్పరచిన ఫిలిప్ జాన్సన్ అను శిల్పి ఆ నమూనా ప్రేరణతోనే కనెక్టికట్ రాష్ట్రములోని న్యూ కేనన్‌లో తనకొక గాజుటిల్లు కట్టుకొనెను. అది 1949లోనే పూర్తియై, గురువు ఇంటికంటె ముందు లోకము కంటబడెను. జాన్సన్ ఈ ఋణమును దాచలేదు. అయితే అతడు లౌక్యుడు. గాజుటింటి కెదురుగా కిటికీలు దాదాపు లేని ఇటుకల యిల్లు మరియొకటి కూడ కట్టుకొనెను. చూపరులకొకటి, చాటునకొకటి! ఎడిత్‌కు అట్టి రెండవ యిల్లు లేదు.

ఇక ప్లేనో యింటి స్వరూపము. 1949లో పని ఆరంభమై 1951లో ముగిసెను. ఎనిమిది ఉక్కు స్తంభములు, వరుసకు నాలుగు చొప్పున రెండు వరుసలు. వాటి నడుమ దూరము 22 అడుగులు. ఆ స్తంభములకు ప్రక్కనుండి అతుకబడిన రెండు బల్లపరుపు పలకలే ఆ యిల్లు. ఒకటి నేల, ఒకటి కప్పు. పొడవు 77 అడుగులు, వెడల్పు 28 అడుగులకు కొంచెము పైగా. నేల పలక భూమిపై నానుకొనదు. సుమారు ఐదడుగుల యెత్తున నిలిచియుండును. దాని ముందు మరికొంత దిగువగా 55 అడుగుల పొడవున, 22 అడుగుల వెడల్పున ఒక వేదిక. ఉక్కు నతికిన జాడలను సానబట్టి, ఇసుక చిమ్మి నునుపుచేసి, పైన తెల్లని రంగు పూసిరి. అందుచే స్తంభము పలకను మోయుచున్నట్లు గాక, అయస్కాంతము వలె పట్టుకొన్నట్లు కనబడును. రాతిపనివారి యింట పుట్టినవాని చేయి ఇచట తెలియును. నేలకు, మెట్లకు ఇటలీనుండి వచ్చు ట్రావర్టీన్ రాయి పరచిరి.

గోడలన్నియు కప్పునుండి నేలవరకు గాజు. లోపల గదులు లేవు. నడుమ కొయ్య పలకలు తొడిగిన ఒక దిమ్మ వంటి కట్టడము. దాని గర్భమున రెండు స్నానపు గదులు, ఒక వైపున వంట అమరిక, మరియొక వైపున చలిమంట గూడు. తక్కినదంతయు ఒక్కటే అవకాశము. దక్షిణమున నదికిని ఇంటికిని నడుమ పెద్ద మేపుల్ వృక్షమొకటి ఉండెను. మీస్ ఆ చెట్టు నీడను లెక్కలోనికి తీసికొని యింటిని దాని క్రింద చేర్చెను. వేసవిలో ఆకులు ఎండను ఆపును. శీతకాలమున ఆకు రాలి ఎండను లోనికి విడుచును. ఇంటికి తెలుపు తప్ప వేరు రంగు పనికిరాదనియు, రంగు ప్రకృతిదే కావలెననియు, గాజు గుండ చూచినపుడు చెట్టునకు వెలుపల నిలిచి చూచునప్పటికంటె గాఢమైన అర్థము కలుగుననియు అతని భావము. ఆ యింటి ఛాయాచిత్రములు చూచినవారెవరును ఈ మాట కాదనలేరు. మంచు కురియునాడు తెల్లని నేలకును తెల్లని కప్పునకును నడుమ అడవి నల్లని రేఖలుగా నిలిచియుండు దృశ్యము అద్భుతము.

కాని చూచుట వేరు, ఉండుట వేరు.

బ్రనో నగరపు టింటివలె ఇచట గాజు నేలలోనికి దిగదు. గాలి వచ్చుటకు పడమట తలుపు, తూర్పున క్రిందిభాగమున రెండు చిన్న కిటికీలు మాత్రమే. వేసవి మధ్యాహ్నము మేపుల్ నీడ చాలక ఇల్లు కొలిమి యయ్యెడిది. మొదట శీతలీకరణ యంత్రములు లేవు. శీతకాలమున ఒంటి పొర గాజుపై లోపలి ఆవిరి చెమ్మగా మారి కారెడిది. రాత్రి దీపము వెలిగించినచో నదీతీరమందలి దోమలు, పురుగులు సమస్తము ఆ వెలుగునకు మూగెడివి. ఎడిత్ ముందరి వసారాకు దోమతెరలు వేయించుకొనెను. పట్టుతెరలు దించుకొన్నచో చాటు లభించును గాని, అడవి కనబడదు. అడవి కనబడుటకే గదా యిల్లు! బట్టలు దాచుకొనుటకు అల్మార లేదు. ఆమె కోరిన పిమ్మట ఒకటి చేయించిరి. ఒక వస్తువు నిచటినుండి అచటికి మార్చినను యిల్లంతయు మారినట్లు వెలుపలి వారికి కనబడుననియు, చెత్తబుట్ట పెట్టుకొనుటకు కూడ సంకోచింపవలసి వచ్చుచున్నదనియు, రోగిని యంత్రకిరణములతో పరీక్షించినట్లు తాను లోపల పారదర్శకముగా నున్నాననియు ఆమె వాపోయెను. వైద్యురాలి నోట ఆ యుపమానము సహజము.

ఉద్యోగరీత్యా సర్కారు క్వార్టర్లలో కాలము గడపు మనబోంట్లకు ఆమె బాధ అర్థము కాకపోదు. వేరొకరు గీచిన గీతలలో మన చాపలు పరచుకొని, మన దేవుని పటము తగిలించుటకు మేకు కొట్టవచ్చునా కూడదా యని ఆలోచించువారము. అయితే మన క్వార్టర్లను చూచుటకు ప్రపంచపు నలుమూలలనుండి ఎవరును రారు. ఎడిత్ ఇంటికి ఆదివారమునాడు అపరిచితులు వచ్చి గాజునకు ముక్కు ఆనించి చూచుచుండెడివారు.

ఇచట ఒక్క క్షణము మన దేశమువైపు తిరుగుట అప్రస్తుతము కాదు. అదే తరమున, అదే ఆధునిక రీతిలో, ప్రకృతితో పొత్తు కోరి కట్టిన కట్టడమొకటి పుదుచ్చేరిలో శ్రీ అరవిందాశ్రమమునకు చెందినది కలదు. పేరు గోల్కొండ్. ఆ పేరు మన గోల్కొండదే. హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీ చొరవవలన నిజాం ప్రభుత్వమునుండి లభించిన ధనసహాయమునకు గుర్తుగా ఆ నామమేర్పడెను. 1930ల చివరి భాగమున ఆంటొనిన్ రేమండ్, ఫ్రాన్టిషెక్ సామర్, జార్జి నకషిమా అను విదేశీ శిల్పులు ఆశ్రమవాసుల సహాయముతో దాని నిర్మాణమునకు పూనుకొనిరి. అందును గోడ యనదగిన గోడ లేదు. ఉత్తర దక్షిణముల పొడవునా తెరచి మూయదగిన అడ్డుపలకల వరుసలు. వాటి వెనుక గదుల టేకు తలుపులకును సందులే. గాలి దూరును, ఎండ దూరదు. చాటు ఉండును, ఉక్క ఉండదు. కిటికీలకు గాజు పలకలు లేవు. చూపునకు ప్రకృతిని విందు చేయుట మీస్ మార్గము; ఒంటికి ప్రకృతిని తగిలించుట గోల్కొండ్ మార్గము. మొక్కలను వేడిగా నుంచుటకు పుట్టిన గాజు కట్టడము ఉక్కపోయుటలో వింత లేదు. నేడు మన నగరములలో మే నెల ఎండకెదురుగా అద్దాల మేడలు కట్టి, వాటిని చల్లబరచుటకు రేయింబవళ్లు విద్యుచ్ఛక్తి ధారవోయువారు ఈ రెండు కట్టడములను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన బాగుండును.

మరల ఫాక్స్ నది ఒడ్డునకు పోదము. ఇల్లు పూర్తియగుసరికి స్నేహము ముగిసినది. ఖర్చు అనుకొన్నదానిని మించి సుమారు 74,000 డాలర్లకు చేరెను. కొరియా యుద్ధమువలన ఉక్కు మొదలగు సామగ్రి ధరలు పెరుగుట అందుకొక కారణము. ఏ అతుకును కూడ సామాన్యముగా వదలని శిల్పి పట్టుదల మరియొకటి. తనకు రావలసిన సొమ్ముకై 1951లో మీస్ దావా వేసెను. ఆమె ఎదురు దావా వేసెను. యార్క్‌విల్ అను చిన్న పట్టణపు న్యాయస్థానమున 1952లో వారములకొలది సాక్ష్యము నడచెను. కప్పు కారుచున్నదనియు, కొలిమి పొగ గాజుకు పట్టుచున్నదనియు ఒక పక్షము. ప్రతి మార్పును ఆమె యెరిగి యొప్పుకొన్నదేయని మరియొక పక్షము. తీర్పు మీస్‌కు అనుకూలముగా వచ్చెను. తుదకు రాజీతో వ్యవహారము ముగిసెను.

ఈ తగవు న్యాయస్థానముతో నిలువలేదు. 1953లో హౌస్ బ్యూటిఫుల్ పత్రిక సంపాదకురాలు ఎలిజబెత్ గోర్డన్ ఈ తరహా యిండ్లపై తీవ్రమైన వ్యాసము ప్రకటించెను. తక్కువయే యెక్కువ యను సిద్ధాంతము జనులకు సుఖము లేకుండ చేయుననియు, ఎట్లు జీవింపవలెనో పైనుండి శాసించు ధోరణి నియంతృత్వమునకు దారి తీయుననియు ఆమె వాదము. కమ్యూనిజమును గూర్చిన భయము అమెరికా నావహించియున్న దినములవి. విదేశమునుండి వచ్చిన శిల్పము విదేశపు కుట్రగా కనబడెను. ఎడిత్ న్యాయమైన ఫిర్యాదు ఈ కలకలములో కలిసిపోయి, ఆమె కోపిష్ఠి యనియు, విఫలప్రేమచే పగబట్టినదనియు వ్యవహారము మారిపోయెను. శిల్పపక్షము వారు ఆమెను దశాబ్దములపాటు కళ తెలియని స్త్రీగా చిత్రించిరి. సాహిత్యము, సంగీతము, వైద్యము మూడును నేర్చిన వ్యక్తికి ఇంతకంటె అన్యాయము లేదు. ఇల్లు అంత చెడ్డదని తలచినచో ఆమె దానిని వెంటనే అమ్మివేసియుండవలసినది. అమ్మలేదు. తన కుర్చీలు, తన పుస్తకములు, తన వయొలిన్ తెచ్చుకొని ఇరువది యేండ్లు అందే వారాంతములు గడపెను.

ఇక నది. ఆ నేలలోనే ఎగువన మిట్ట ప్రదేశమున్నది. మీస్ ఇల్లు అచట కట్టలేదు. నదికి సుమారు నూరడుగుల దూరమున పల్లపు పచ్చికలోనే కట్టెను. వరద నీరు ఎంతవరకు వచ్చునో స్థానికుల నడిగి, అంతకంటె ఎత్తుగా నేలపలక అమర్చెను. ఇల్లు గాలిలో తేలినట్లు కనబడుటలోని సౌందర్యమునకు మూలము ఈ వరదభయమే. కాని 1954లో, ఇల్లు కట్టిన మూడేండ్లకే, నీరు నేలను దాటి లోనికి వచ్చి తివాసీలను, తెరలను, కొయ్య పలకలను పాడుచేసెను. అనంతర కాలమున చికాగో శివారు పట్టణములు ఫాక్స్ నది పరీవాహక ప్రదేశమున పెరిగెను. పొలములున్నచోట రోడ్లు, పెంకు కప్పులు, బండ్లు నిలుపు చదునులు వెలసెను. నేలలో ఇంకవలసిన వాన నీరు నేరుగా నదిలో పడజొచ్చెను. శిల్పి స్థానికుల నడిగి తెలిసికొన్న నది వేరు; ఇప్పటి నది వేరు.

1960లలో ప్రభుత్వమువారు ఇంటికి చేరువగా క్రొత్త వంతెనయు రహదారియు నిర్మింపదలచి ఆమె నేలలో కొంత భాగము స్వాధీనపరచుకొనిరి. ఆమె న్యాయస్థానములో పోరాడి ఓడిపోయెను. నిశ్శబ్దము కొరకు కొన్న చోట వాహనముల రొద చేరెను. 1972లో ఇంటిని పీటర్ పలంబో అను ఆంగ్లేయ సంపన్నునకు అమ్మి ఇటలీ దేశమున ఫ్లారెన్సు చెంతకు చేరెను. అచట ఇటలీ కవి మొంటాలే కవిత్వము నాంగ్లమునకు అనువదించుచు 1977లో మరణించెను. మీస్ అంతకు ముందే 1969లో చికాగోలో కన్నుమూసెను.

పలంబో ఆ యింటిని దేవాలయము వలె చూచుకొనెను. దోమతెరలు తీసివేయించెను, మీస్ రూపొందించిన కుర్చీలు, బల్లలు పెట్టించెను, శీతలీకరణ యంత్రములు అమర్చించెను. ఇతర గృహములు కలిగి, అప్పుడప్పుడు వచ్చి పోవువానికి గాజుటిల్లు సుఖముగనే ఉండును. అయితే నది అతనిని కూడ విడువలేదు. 1996 జూలైలో ఆ ప్రాంతమున 24 గంటలలో సుమారు 17 అంగుళముల వర్షము కురిసెను. నీరు నేలపలకపై ఐదడుగుల వరకు లేచి, గాజు పలకలను పగులగొట్టి, సామానులను కొట్టుకొనిపోయెను. మీస్ మనుమడు డర్క్ లోహన్ ఇంటిని మరల బాగుచేసెను. మయసభలో మనుష్యుడు మడుగులో పడెను. ఇచట మడుగే లోనికి వచ్చెను.

2003 డిసెంబరులో న్యూయార్కు వేలములో 75 లక్షల డాలర్లకు అమెరికా జాతీయ సంరక్షణ సంస్థయు, ఇల్లినాయ్ సంరక్షణ సంఘమును కలిసి దానిని కొనెను. మరుసటి యేడు సందర్శకులకు తెరచిరి. 2006లో అది జాతీయ చారిత్రక స్థలముగా గుర్తింపు పొందెను. 2008 సెప్టెంబరులో ఐక్ తుపాను శేషముతో నది మరల లోనికి వచ్చెను. ఈ సారి సామాను ముందుగనే ఎత్తుగా పెట్టియుండుటచే నష్టము తగ్గెను. ఇంటిక్రింద యంత్రములు బిగించి, వరద వచ్చినపుడు మొత్తము పైకి లేపవలెనను ప్రతిపాదన వచ్చెను. ఉన్నచోటునుండి తీసి మిట్టకు మార్చవలెనని కొందరు, మార్చినచో అది ఆ యిల్లు కాదని కొందరు వాదించిరి. శిల్పి ఏ మేపుల్ నీడ నమ్మి ఇంటిని అచట నిలిపెనో, ఆ చెట్టు నేడు లేదు.

2020 ప్రాంతమున సంరక్షకులు మీస్ కుర్చీలను తొలగించి, పాత ఛాయాచిత్రముల ననుసరించి ఎడిత్ కాలమునాటి వస్తువులతో ఇంటిని అమర్చి ప్రదర్శించిరి. వయొలిన్ పెట్టుకొన్న చోటు, పుస్తకములుంచిన చోటు, ఆమె తెచ్చుకొన్న కుర్చీలు జనులు మొదటిసారిగా చూచిరి. అంతవరకు ఫార్న్స్‌వర్త్ హౌస్ అని మాత్రమే పిలువబడుచున్న ఆ యింటికి 2021లో ఎడిత్ ఫార్న్స్‌వర్త్ హౌస్ అని ఆమె పూర్తి పేరు పెట్టిరి. కట్టిన డెబ్బది యేండ్లకు ఆమె పేరు సంపూర్ణముగా ఆ యింటి ముందరి ఫలకముపైకి ఎక్కినది. వర్షకాలము వచ్చినచో మాత్రము అచటి వారు నేటికిని నది మట్టమును చూచుకొనుచునే యుందురు.